గోదావరిఖని చౌరస్తాలో ఫాల్స్ నైన్

మెస్సీ హైదరాబాద్ వచ్చాడు, ఫలక్‌నుమాలో ఫొటోలు దిగాడు, ఆడాడు, ముంబై విమానం ఎక్కాడు. ఉప్పల్ స్టేడియంలో లైట్లార్పి రోజులు గడిచాయి. మా గోదావరిఖనిలో మాత్రం జట్టు ఎంపిక ఇంకా ఖరారు కాలేదు. ముఖ్యమంత్రి ఆడిన సింగరేణి ఆర్ఆర్ 9 జట్టు 4-3-3లో దిగాల్సిందని లక్ష్మీనగర్ వర్గం. కాదు, మెస్సీ లాంటివాడు ఎదురుగా ఉన్నప్పుడు నడుమ జనం ఎక్కువ ఉండాలి, 4-5-1 అయితేనే ఆగేవాళ్లమని కళ్యాణ్‌నగర్ వర్గం. ఎన్టీపీసీ క్వార్టర్ల వాళ్లది 3-5-2. కరెంటు పోని ఇళ్లల్లో కూచుని యూరప్ మ్యాచులు తెల్లవార్లూ చూస్తారు కాబట్టి వాళ్ల మాటకు కొంచెం బరువెక్కువ.

2025 నవంబర్ చివర్లో గువాహటి టెస్టులో మనవాళ్లు దక్షిణాఫ్రికా చేతిలో 408 పరుగుల తేడాతో చిత్తయినప్పుడు ఇదే గుంపు పిచ్ క్యూరేటర్ల పనిలో ఉంది. పక్షం తిరక్కుండా అందరూ ఫుట్‌బాల్ కోచ్‌లైపోయారు. చౌరస్తాలో తోపుడుబండి మీదికి నీలం, తెలుపు చారల జెర్సీలు దిగాయి. కొన్నవాళ్లంతా పదో నంబరే కొన్నారు. సాయంత్రం చాయ్ హోటల్ ముందు నిలబడితే పదకొండు మందికి పదకొండు మందీ పదో నంబరుతోనే కనిపించేవారు. గోల్‌కీపర్ జెర్సీ అడిగినవాడు ఒక్కడూ లేడని బండివాడే నవ్వుతూ చెప్పాడు. గోల్‌పోస్టు దగ్గర ఎవరుంటారయ్యా అంటే, అది వేరేవాళ్ల డ్యూటీ అట.

ఆ వారమంతా రాష్ట్రంలో సర్పంచ్ ఎన్నికలు. డిసెంబర్ 11న ఒక విడత, 14న ఇంకోటి, నడుమ 13న మెస్సీ. సొంతూళ్లో వార్డు మెంబర్‌గా ఎవరు నిలబడ్డారో తెలియని మనిషి అర్జెంటీనా లెఫ్ట్ బ్యాక్ గురించి అరగంట మాట్లాడటం నా చెవులతో నేను విన్నాను.

మా బావ సంగతి చెబుతాను. మా పెద్దక్క పెనిమిటి. ఓవర్‌మన్. ఉద్యోగం మొదలైన్నుంచీ భూగర్భంలోనే. గని రూఫును కర్రతో తట్టి, చప్పుడు విని, ఇది నిలుస్తది, ఇది రాలుతది అని చెప్పగలిగిన మనిషి. ఆయన చెప్పింది తప్పిందని ఆ గని మీద ఎవరూ అనగా నేను వినలేదు. అంత తెలిసిన మనిషి మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు ఫస్ట్ షిఫ్ట్ దిగి, ఇంటికి కూడా పోకుండా హోటల్లో కూచుని, పే స్లిప్ వెనక్కి తిప్పి, బాల్‌పెన్‌తో పదకొండు చుక్కలు పెట్టాడు.

చుక్కలు చాలలేదు. బల్ల మీదికి చాయ్ గ్లాసులొచ్చాయి. ఖాళీ గ్లాసులు మిడ్‌ఫీల్డ్, నిండు గ్లాసులు ఫార్వర్డ్‌లు. ఉస్మానియా బిస్కెట్లు నాలుగు వరసగా పేర్చి ఇది డిఫెన్స్ అన్నాడు. చక్కెర డబ్బా గోల్‌కీపర్. అవతలి జట్టుకు ఒకటే ఉప్పు బిస్కెట్. అది మెస్సీ.

"మెస్సీని ఎవలు పట్టుకుంటరన్నా?" అనడిగాడు ఒక ఫిట్టర్. వర్క్‌షాప్‌లో ఏ బేరింగు ఎందుకు పోయిందో చెప్పమంటే భుజాలెగరేసే మనిషి.

"ఎవలు పట్టుకోవద్దు తమ్మీ. మ్యాన్ మార్కింగ్ పెట్టినవనుకో, వాడు మనోన్ని ఎంబడేసుకొని పోయి జాగా ఖాళీ చేపిస్తడు. జోనల్ పోవాలె. ఎవని ఏరియా వాడు చూసుకోవాలె."

"ఆర్జీ-1, ఆర్జీ-2 లెక్కనా?"

"అంతే మరి."

"ఒక ఏరియాల నుంచి ఇంకో ఏరియాలకు పోయిండనుకో?"

బావ కాసేపు ఆలోచించాడు. "జీఎంకు లెటర్ పెట్టాలె," అన్నాడొక పోరడు వెనక నుంచి. వాడికి చాయ్ రద్దయింది.

నేను ఊరుకోలేక అన్నాను: "బావా, అది మ్యాచ్ కాదు. తిప్పి తిప్పి కొడితే ఇరవై నిమిషాల వేడుక. మెస్సీ చివర్ల దిగుతడు, చేయి ఊపుతడు, రెండు పాసులిస్తడు, పోతడు. గీ జోనల్ మార్కింగ్ ఎందుకు?" బావ నావైపు జాలిగా చూశాడు. ఇరవై నిమిషాలే కాబట్టి టెంపో ఇంకా ముఖ్యమట. మొదటి ఐదు నిమిషాలు హై ప్రెస్ చేసి, తర్వాత లో బ్లాక్‌లోకి జారిపోవాలట. మెస్సీతో పాటు సువారెజ్, డి పాల్ కూడా వస్తున్నారని ఎవరో గుర్తుచేస్తే, "సువారెజ్‌ది అయిపోయిందే. మోకాళ్లు పోయినయి. పరుగెత్తలేడు," అని కొట్టిపారేశాడు. సువారెజ్‌కు అప్పటికి 38 ఏళ్లు. ఆ మాటన్న మా బావకు 58, రెండు మోకాళ్లకూ బెల్టులు.

ఇక ఫాల్స్ నైన్. దీనికి హోటల్లో రెండు సాయంత్రాలు పట్టింది. 2009 మే 2న మాడ్రిడ్‌లో రియల్ మీద ఆడుతూ బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సీని అంచు నుంచి నడిమికి తెచ్చాడు. తెచ్చి, సెంటర్ ఫార్వర్డ్ నిలబడాల్సిన చోట నిలబడనీయకుండా వెనక్కి దిగమన్నాడు. రియల్ డిఫెండర్లు వాడి వెంట పోతే వెనక జాగా ఖాళీ, పోకపోతే బంతి వాడి దగ్గర. బార్సిలోనా 6-2తో గెలిచింది. ఇదంతా నిజమే, బావ చక్కగానే చెప్పాడు, నిండు గ్లాసును వెనక్కి జరిపి చూపించాడు కూడా. చాయ్ ఒలికింది. బాధ ఎక్కడంటే, దాన్ని తెచ్చి ఉప్పల్‌కు తగిలించడంలో. ముఖ్యమంత్రి వేసుకున్నది తొమ్మిదో నంబరు కదా. ఆయన అసలు నైన్‌గా ఆడాలా, ఫాల్స్ నైన్‌గా ఆడాలా?

ఫిట్టర్ అసలు నైన్ అన్నాడు. బాక్సులో నిలబడితే చాలు, బంతి దానంతటదే వస్తది, ఎవడాపుతడు? బావ ఒప్పుకోలేదు. ముఖ్యమంత్రి ఆట చిన్నప్పట్నుంచి చూస్తున్నట్టే మాట్లాడాడు: "సారు ఒక్కజాగల నిలబడే రకం కాదు. 2017ల సైకిల్ దిగి కాంగ్రెస్‌ల చేరిన మనిషి. కదులుతడు. ఫాల్స్ నైనే కరెక్టు." నాలుగో బల్ల మీద ఒక యూనియన్ లీడర్ కూచుని ఉన్నాడు. ఆయన ఇదంతా విని, వర్గ దృక్పథం నుంచి చూస్తే సెంటర్ ఫార్వర్డ్ అనేదే భూస్వామ్య పోకడ అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. లీడర్లు బాగా పట్టు వదిలేసుకున్నారు ఈ మధ్య.

అసలు ప్రశ్న నేనడిగాను, జవాబు రాలేదు. ముఖ్యమంత్రి ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడనుకోండి. జెండా ఎత్తిన లైన్స్‌మన్ మర్నాడు ఏ జిల్లాలో డ్యూటీలో చేరతాడు?

మూడో సాయంత్రానికి డిఫెన్స్‌లో లెఫ్ట్ బ్యాక్ కనిపించలేదు. ఎవరో తినేశారు. నలుగురు డిఫెండర్లలో ముగ్గురే మిగిలేసరికి బావ కంగారుపడలేదు, అప్పటికప్పుడు ఎన్టీపీసీ వాళ్ల 3-5-2కు మారిపోయాడు. పరిస్థితిని బట్టి మారడమే గొప్ప కోచ్ లక్షణమని అర్జెంటీనా కోచ్ స్కాలోనీని ఉదాహరణగా చూపించాడు. ఉప్పు బిస్కెట్‌ను కూడా ఎవరో తిన్న తర్వాతే చర్చ ముగిసింది. మెస్సీ లేకపోతే ఇంకేం ఎత్తుగడ?

ఇదేం కొత్త కాదు. 2022 డిసెంబర్ 18 రాత్రి ఖతర్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ నాడూ ఇంతే. డి మరియాను ఎడమవైపు దింపి స్కాలోనీ ఫ్రాన్స్‌ను బోల్తా కొట్టించాడు, 36వ నిమిషంలో ఆ డి మరియానే గోలు కొట్టాడు. మా బావ అది తనకు ముందే తెలుసన్నాడు. ఎప్పుడన్నాడు? 37వ నిమిషంలో. 41వ నిమిషంలో ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ జిరూనూ, డెంబెలేనూ బయటికి పిలిస్తే, తానైతే ఇరవయ్యో నిమిషంలోనే పిలిచేవాణ్నన్నాడు. ఫైనల్‌కు ముందు వారం రోజులు ఈ ఎత్తుగడల మీద ప్రపంచమంతా కొట్టుకుంది. తీరా చూస్తే ఎంబాపే మూడు గోల్స్ కొట్టాడు, ఆట 3-3 అయింది, ఇక అయిపోతుందనగా ఆఖరి క్షణాల్లో కోలో మువానీ కొట్టిన బంతి గోల్‌కీపర్ మార్టినెజ్ చాచిన కాలికి తగిలి ఆగింది. పెనాల్టీల్లో 4-2. ఏ పే స్లిప్ మీదా ఆ కాలికి చుక్క పెట్టినవాడు లేడు. గోల్‌కీపర్ జెర్సీ మా చౌరస్తాలో ఇప్పటికీ దొరకదు.

ఇప్పుడు 2026 జూలై 19 మీద పడ్డారు. ప్రపంచ కప్ ఫైనల్ న్యూజెర్సీలో. డ్రా డిసెంబర్ 5న తీశారు, అర్జెంటీనాకు అల్జీరియా, ఆస్ట్రియా, జోర్డాన్ తగిలాయి. మా హోటల్లో ఆ మూడింటినీ దాటించేసి, క్వార్టర్స్, సెమీస్ కూడా గెలిపించేసి, ఫైనల్ జట్టు రాసేశారు. అప్పటికి మెస్సీకి 39 నిండుతాయి. తొంభై నిమిషాలు ఆడించాలా, అరవయ్యో నిమిషంలో తియ్యాలా అన్నదాని మీద పెద్ద లొల్లి. మనకు ఆ మ్యాచ్ అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలవుతుంది కాబట్టి నైట్ షిఫ్ట్ పడితే ఎలా అని ఇప్పట్నుంచే సిక్ లీవుల లెక్కలు. స్టేడియంలో కూచుని చూడాలంటే ఫైనల్‌కు అభిమానుల కోటాలో అన్నిటికన్నా చవక టికెట్ 4,185 డాలర్లు అని ఫిఫా 2025 డిసెంబర్‌లో మొదట ప్రకటించింది. డాలరు 90 రూపాయలు దాటిన కాలంలో అదెంతో మీరే గుణించుకోండి. ఫలక్‌నుమాలో మెస్సీ పక్కన నిలబడి ఒక ఫొటో దిగడానికి పది లక్షలన్నారు, దాంతో పోలిస్తే న్యూజెర్సీయే నయం.

మెస్సీ ఉప్పల్‌లో ఆడిన రోజే పొద్దున కలకత్తాలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు మెస్సీ కనబడలేదు. చుట్టూ మంత్రులు, వాళ్ల బంధువులు నిలబడ్డారు. జనం కుర్చీలు పీకి విసిరారు. మన దగ్గర అంతా సజావుగా జరిగిందని మురిసిపోతున్నాం. ఫుట్‌బాల్ జరిగిందా లేదా అన్నది వేరే సంగతి.

సొంత దేశం ఆట ఏ గతిన ఉందో ఈ కోచ్‌లలో ఒక్కరికి పట్టిందా? నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడాం, ఇరవై రెండేళ్లలో మొదటిసారి. అంతకుముందు గోవాలో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ తలుపులు మూసుకున్నాం. అప్పటికి ఫిఫా ర్యాంకు 142. ఐఎస్ఎల్ 2025-26 సీజన్ డిసెంబర్ దాకా మొదలే కాలేదు. లీగు నడపడానికి టెండర్ పిలిస్తే ఒక్క బిడ్డూ పడలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య దేశం జట్టులో వింగర్. జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంత గడ్డ మీద 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత కొట్టిన అమ్మాయిల జట్టు ఆమెది. ఆమె ఏ వైపు ఆడుతుందో చెప్పమని మా హోటల్లో అడిగాను. "హీరోయిన్ సౌమ్యనా?" అన్నాడొకాయన.

నాకు ఇక్కడ నవ్వు రాలేదు. ఇకముందు రాసేదానిలోనూ లేదు.

ముఖ్యమంత్రి జట్టు పేరులో మొదటి మాట ఏమిటి? సింగరేణి. ఎదుటి జట్టు పేరు ముందు అపర్ణ అని ఉంది. అది ప్రైవేటు సంస్థ, దాని డబ్బు దాని ఇష్టం. సింగరేణి అలాంటిది కాదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, బొగ్గు మొత్తం భూమిలోకి దిగి తవ్వినవాడిది. ఈ వేడుకకు సింగరేణి ఖజానా నుంచి 10 కోట్లు పోయాయని ప్రతిపక్షం ఆరోపిస్తోంది. ఆరోపణే అనుకుందాం. ఎంత పోయింది, ఏ పద్దు కింద పోయింది, బోర్డు ఎప్పుడు ఒప్పుకుంది, దానివల్ల ఒక్క టన్ను బొగ్గన్నా ఎక్కువ అమ్ముడైందా? బొగ్గు కొనేది కరెంటు కంపెనీలు. జెన్‌కో వాడు మెస్సీని చూసి బొగ్గు కొంటాడా? పాత బాకీలే వేల కోట్లున్నాయి, మెస్సీని చూసి అవన్నా కడతాడా? సొమ్మొకడిది, సోకొకడిది. ఈ ప్రశ్నలు అడగడానికి జోనల్ మార్కింగ్ తెలియక్కర్లేదు. పాసుబుక్కు చూసుకునే పాటి తెలివి చాలు. సింగరేణి పేరుతో దిగిన జట్టులో మన గనుల మీద ఆడుకునే పోరగాళ్లు ఎవరన్నా ఉన్నారా అని కూడా ఒక్కరడగలేదు. ముఖ్యమంత్రి ఫాల్స్ నైనా కాదా అని మాత్రం రెండు సాయంత్రాలు.

దసరా ముందర లాభాల వాటా ప్రకటించారు, గుర్తుందా? 2024-25కు గాను 2,360 కోట్లలో 34 శాతం, అంటే సుమారు 802 కోట్లు. పర్మనెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. మంచిదే, చెమటకు పడ్డ లెక్క. అదే గని మీద, అదే దుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఎంత? 5,500. అలాంటి వాళ్లు సుమారు 30 వేల మంది ఉన్నారు. ఆ 10 కోట్ల మాట నిజమే అయితే, ఆ డబ్బును వీళ్లకు పంచినా తలకు 3,333 రూపాయలు వచ్చేవి. పిల్లకు స్వెటర్, ఇంటికి నెల కిరాణం. కోల్ ఇండియా హైపవర్ కమిటీ వేతనాలు మాకూ ఇవ్వండని 2022 సెప్టెంబర్‌లో ఈ జనం రోజుల తరబడి సమ్మె చేశారు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఆ సమ్మె శిబిరం ముందు నుంచి బండి మీద పోతూ హారన్ కొట్టినవాళ్లు నాకు తెలుసు. పదో నంబరు జెర్సీలో కూడా వాళ్లే ఉన్నారు.

సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీద అంత చర్చ జరిగింది కదా. మన దగ్గర బదిలీ వర్కర్లు లేరా? ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నింపితే తప్ప జనరల్ మజ్దూర్ కాలేక ఎదురుచూసే పోరగాళ్లు లేరా? జ్వరమొచ్చి నాలుగు మస్టర్లు తప్పితే ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే. వాళ్లను లోపలికి ఎప్పుడు తీసుకుంటారని గట్టిగా అడిగే కోచ్ ఒక్కడన్నా పుట్టాడా చౌరస్తాలో?

మారుపేర్ల కథ సరేసరి. కరువు కాలంలో ఎవడి పేరు మీదనో పనిలో చేరి, జీవితమంతా ఆ పేరుతోనే మస్టర్ పడి, ఆ పేరుతోనే రిటైరైన మనుషులు. ఇప్పుడు కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం అడిగితే నీ తండ్రి నీ తండ్రి కాదంటారు. ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాయి. ఇంతకన్నా పెద్ద లైనప్ గందరగోళం ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఉందేమో ఏ యూట్యూబ్ వాణ్నైనా చెప్పమనండి.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంట్ కార్మికులు. ఇప్పుడు నలభై వేలు. సగం కన్నా ఎక్కువ జట్టు గ్రౌండు బయటికి పోయింది. ఎవరు తీశారు, ఏ నిమిషంలో తీశారు, ఎవరి విజిల్ మీద తీశారు? దెషాంప్ ఇద్దర్ని మార్చినందుకు మూడేళ్లుగా తిడుతున్న నోళ్లు ఇక్కడ ఎందుకు పెగలవు?

ఫైనల్ ముందు ఎత్తుగడ అంటే ఏమిటో తెలుసుకోవాలని నిజంగా కోరికుంటే, దానికి గార్డియోలా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ దాకా పోతే చాలు. సయ్యద్ అబ్దుల్ రహీం. టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానంలో నిలబెట్టినవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. జట్టులో అందరికన్నా గట్టి డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అందరూ కూచోబెట్టేయాలనుకునే మనిషిని రహీం సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. తలతో బంతినాపాల్సిన పని తప్పిస్తే కాళ్లకేమీ కాలేదు కదా అన్న లెక్క. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోలు కొట్టాడు. ఫైనల్ నాడు, సెప్టెంబర్ 4న, స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ ఇండియా మీద కోపంతో ఉన్నవాళ్లే. ఇజ్రాయెల్, తైవాన్ వాళ్లను రానీయలేదని మన అధికారి సోంధీ చేసిన వ్యాఖ్యల పుణ్యం అది. గోల్‌కీపర్‌గా బర్మన్ బదులు తంగరాజ్ దిగాడు. హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఆడాడు. దక్షిణ కొరియా మీద 2-1. ఒకటి పీకే బెనర్జీది, రెండోది కుట్లు పడ్డ జర్నైల్‌ది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో రహీం పోయాడు. ఇండియాకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మళ్లీ రాలేదు. మొన్న 2024లో అజయ్ దేవగన్ సినిమా మైదాన్ వస్తే గానీ మనవాళ్లలో సగం మందికి ఆ పేరు తెలియలేదు, మిగతా సగానికి సినిమా కూడా తెలియదు. ఉప్పల్ వేడుకకు ఆయన పేరు పెట్టి ఉంటే నేనీ వ్యాసంలో సగం మింగేసేవాణ్ని.

మా బావతో ఇదంతా అన్నాను. కోప్పడ్డాడు. "నీకు ఆట తెల్వది, కడుపుమంట తప్ప," అన్నాడు. నిజమే కావచ్చు. ఒక పని చేద్దాం బావా అన్నాను. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు పది రూపాయలు, నీ జెర్సీ ఖరీదులో పిసరంత. సింగరేణి ప్రభుత్వ సంస్థ, అడిగితే చెప్పాలి. తెల్లకాగితం మీద నేనే రాశాను: డిసెంబర్ 13 కార్యక్రమానికి సంస్థ చేసిన ఖర్చు ఎంత, ఏ పద్దు, ఎవరి ఆమోదం. నాలుగే వాక్యాలు. చదివి బాగుందన్నాడు. రెండో వాక్యంలో ఒక మాట మార్పించాడు కూడా, ఎంతైనా ఓవర్‌మన్ రిపోర్టులు రాసిన చెయ్యి. కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను.

పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "నువ్వే పెట్టరాదు? నువ్వు రాసేటోనివి."

"నేను సింగరేణి మనిషిని కాను బావా. నీ చేతి సంతకం వేరు."

హోటల్లో ఎవరూ మాట్లాడలేదు. ఫిట్టర్ ఫోన్ చూసుకుంటున్నాడు. స్కాలోనీని, దెషాంప్‌ను, గార్డియోలాను పేరు పెట్టి నిలదీసిన మా బావ కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టాడు.

"మా చిన్నోని ఫైలు ఇంక ఆఫీసులనే ఉన్నది బామ్మర్దీ," అన్నాడు. "ఇగ జులై సంగతి చెప్పు. మెస్సీని అరవయ్యో నిమిషంల తీస్తమా, వద్దా?"